జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 – జనవరి 4, 1974) తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతానికి చెందిన తెలుగువాడు, యంత్ర నిపుణుడు, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, దాత. జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడు. పాఠశాల చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయినా, యంత్రాలను విప్పి చూసి, తిరిగి బిగించి, వాటి పనితీరును సొంతంగా నేర్చుకున్నాడు. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరుపొందిన 1937 నాటి మోటారుతో ఆయన పేరు ముడిపడి ఉంది. బస్సు రవాణా, విద్యుత్ పరికరాలు, వ్యవసాయం, సాంకేతిక విద్య వంటి అనేక రంగాలలో కృషి చేసినందువలన ఆయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. యంత్రాన్ని వాడేవాడికి దాని లోపలి సంగతి కూడా తెలియాలన్నది ఆయన జీవితమంతటా కనిపించే సూత్రం.

నేపథ్యం, బాల్యం

తమిళనాడు పశ్చిమ ప్రాంతమైన కోయంబత్తూరు, తిరుప్పూరు, పొల్లాచ్చి పరిసరాలలో శతాబ్దాలుగా తెలుగు మాట్లాడే వ్యవసాయ కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. ఇంట తెలుగు, ఊర తమిళం మాట్లాడే ఈ కుటుంబాలకు నల్లరేగడి నేలలలో ప్రత్తి సాగు ప్రధాన వృత్తిగా ఉండేది. తరువాతి కాలంలో కోయంబత్తూరులో నూలు మిల్లులను, పంపుల కర్మాగారాలను నెలకొల్పినవారిలో ఈ కుటుంబాలవారు చాలామంది ఉన్నారు.

ఇటువంటి ఒక రైతు కుటుంబంలో, కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, నాయుడు జన్మించాడు. తండ్రి పేరు గోపాలస్వామి నాయుడు. తల్లి ఆయన పసితనంలోనే మరణించింది. చిన్నతనంలో నాయుడు బడికి వెళ్ళడానికి ఇష్టపడేవాడు కాదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి బడినుండి బయటపడ్డాడని చెబుతారు. తరగతి గదిలో చదువు సాగకపోయినా, తనకు నచ్చిన పుస్తకాలను తానే చదువుకొనేవాడు. కొంతకాలం తండ్రి పొలంలో పనిచేశాడు.

మోటారు సైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. బ్రిటిషు రెవెన్యూ అధికారి ఒకరు రడ్జ్ కంపెనీవారి 1912 నాటి మోటారు సైకిలుపై ఆ ప్రాంతంలో తిరిగేవాడు. ఎద్దుల బండ్లు తప్ప మరొక వాహనం అరుదైన ఆ రోజులలో, గుర్రంగానీ ఎద్దుగానీ లేకుండా కదిలే ఆ బండి నాయుడును ఎంతగానో ఆకర్షించింది. దానిని ఎలాగైనా సంపాదించాలనే పట్టుదలతో కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేశాడు. కొంతకాలానికి 300 రూపాయలు కూడబెట్టి, ఆ అధికారి వద్దనే ఆ మోటారు సైకిలును కొన్నాడు.

బండి చేతికి వచ్చిన తరువాత నాయుడు దానిని నడిపి ఊరుకోలేదు. భాగాలన్నీ విడదీసి, ఏది ఎక్కడ అమరుతుందో, దేని వలన ఏది కదులుతుందో గమనించి, మరల యథాస్థితికి బిగించాడు. ఇంజను గురించి ఆయన పొందిన మొదటి శిక్షణ ఇదే. గురువు లేకుండా, పనిచేసే యంత్రాన్నే పాఠ్యపుస్తకంగా చేసుకొని నేర్చుకునే ఈ అలవాటు ఆయనకు చివరివరకు ఉండిపోయింది. ఆ మోటారు సైకిలు ఇప్పటికీ కోయంబత్తూరులో ఆయన స్మారక సంగ్రహాలయంలో భద్రంగా ఉంది.

బస్సు సర్వీసు

మెకానికుగా పనిచేసిన తరువాత నాయుడు ప్రత్తి వ్యాపారంలోకి దిగాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లాభాలు గడించినా, బొంబాయి ప్రత్తి వ్యాపారంలో సొమ్ము పోగొట్టుకొని స్వస్థలానికి తిరిగివచ్చాడు. అప్పుడు కోయంబత్తూరులోని ఆంగ్ల వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆయనకు చేయూతనిచ్చాడు. 1920లో ఒక మోటారు బస్సును కొని, పొల్లాచ్చి – పళని మధ్య నడపడం ప్రారంభించాడు. తొలి రోజులలో డ్రైవరు ఆయనే.

కొద్ది సంవత్సరాలలో ఈ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. యు.ఎం.ఎస్. అనే పొడి పేరుతో ఇది దేశంలోనే క్రమపద్ధతిలో నడిచే బస్సు సంస్థలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. విడిభాగాలు విదేశాలనుండి ఓడలలో రావలసిన ఆ కాలంలో, చెడిపోయిన బండిని బాగుచేసుకొనే శక్తి సంస్థలోనే ఉండటం లాభనష్టాలను నిర్ణయించేది. తానే మెకానికు కావడం నాయుడుకు ఇక్కడ ఎంతో ఉపకరించింది.

విద్యుత్ మోటారు

1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలైంది. దానితో కోయంబత్తూరుకు చవకగా విద్యుత్తు అందింది. నూలు మిల్లులు పెరిగాయి, బావులనుండి నీరు తోడటానికి మోటబావులకు బదులుగా పంపుసెట్లకు గిరాకీ ఏర్పడింది. అయితే మోటార్లన్నీ దిగుమతి చేసుకున్నవే. ఒక మోటారు కాలిపోతే పైరు ఎండిపోవలసిన పరిస్థితి.

ఈ నేపథ్యంలో నాయుడు, డి.బాలసుందరం నాయుడుల కృషి ఫలితంగా 1937లో కోయంబత్తూరు సమీపంలోని పీళమేడులో ఒక విద్యుత్ మోటారు తయారైంది. భారతదేశంలో రూపొందిన తొలి విద్యుత్ మోటారుగా దీనిని పేర్కొంటారు. ఈ మోటారు విజయం కోయంబత్తూరులో యంత్ర పరిశ్రమకు బాట వేసింది. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. కోయంబత్తూరు మోటార్లు, పంపులు కాలక్రమేణా దక్షిణాది అంతటికీ, తెలుగు జిల్లాల పొలాలకు, ఇళ్ళకు కూడా చేరాయి.

ఆవిష్కరణలు

నాయుడు రూపొందించిన వస్తువులలో అధిక భాగం సామాన్య గృహస్థుకు నిత్యం ఉపయోగపడేవే. వాటిలో ముఖ్యమైనవి:

* రసంత్ అనే పేరుతో వెలువడిన విద్యుత్ రేజరు. ఇది పొడి బ్యాటరీలతో తిరిగే చిన్న మోటారుతో పనిచేసేది.
* మిక్కిలి పలుచని క్షవరపు బ్లేడులు
* పండ్లరసం తీసే యంత్రం
* సినిమా కెమెరాలో దూరాన్ని సరిచేసే సాధనం
* మోసానికి వీలులేని ఓట్ల నమోదు యంత్రం
* కిరోసిన్‌తో తిరిగే పంకా

1941లో, అయిదు వాల్వుల రేడియోను కేవలం 70 రూపాయలకు తయారు చేయగలనని ఆయన ప్రకటించాడు.

వీటిలో కిరోసిన్ పంకా ప్రత్యేకంగా చెప్పుకోదగినది. విద్యుత్తు పట్టణాలకే పరిమితమైన ఆ కాలంలో ధనవంతుల ఇళ్ళలో నౌకర్లు తాడు లాగి పంకాలు ఊపేవారు. మిగిలినవారికి విసనకర్రే దిక్కు. ఆ కాలపు కిరోసిన్ పంకాలు సాధారణంగా వేడిగాలి ఇంజను సూత్రంపై పనిచేసేవి. అడుగున ఉన్న దీపం సిలిండరులోని గాలిని వేడిచేస్తుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి ముషలకాన్ని నెడుతుంది, చల్లబడినప్పుడు సంకోచించి వెనక్కు రప్పిస్తుంది. ఈ కదలికే పంకా రెక్కలను తిప్పుతుంది. వత్తి కత్తిరించడం, నూనె పోయడం, మసి తుడవడం వంటి పనులు ఇంటివారే చేసుకోవలసి వచ్చేది. తీగలు చేరని ఊళ్ళకు కూడా యాంత్రికమైన చల్లగాలి అందించే ప్రయత్నాలలో ఇది ఒకటి.

నాయుడుకు ఛాయాచిత్రాలన్నా, చలనచిత్రాలన్నా మక్కువ ఎక్కువ. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తానే చిత్రీకరించాడు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోసు వంటి నాయకుల చిత్రాలు కూడా తీశాడు. విదేశీ పర్యటనలలో కర్మాగారాలను సందర్శించి, అక్కడి పద్ధతులను పరిశీలించేవాడు. ప్రాంతీయ శాసనసభ ఎన్నికలలో ఒకసారి పోటీ చేసి ఓడిపోయాడు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు పెట్రోలుతో నడిచే ఇద్దరు కూర్చునే కారును రూపొందించాడు. దాని ధర 2,000 రూపాయలు. సామాన్య ఉద్యోగి సైతం కొనగలిగేలా చేయాలన్నది ఉద్దేశం. కాని 1951లో వచ్చిన పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం ప్రకారం ముఖ్య పరిశ్రమలలో ఉత్పత్తికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. నాయుడు కారుకు లైసెన్సు లభించలేదు. దానితో ఉత్పత్తి నిలిచిపోయింది.

స్వదేశీ ఆవిష్కర్తలకు ప్రోత్సాహం లేకపోవడానికి ఉదాహరణగా ఈ సంఘటనను తరచు పేర్కొంటారు. మూలధనం, విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న ఆ రోజులలో ఏ పరిశ్రమకు ఎంత కేటాయించాలో ప్రభుత్వమే నిర్ణయించాలన్నది నాటి విధానం. ఆ లెక్కలో చిన్న కార్ఖానాలో పుట్టిన చవక కారుకు చోటు దొరకలేదు. సామాన్యుల కోసం చవక కారు అన్న ఆలోచన దేశంలో పెద్దయెత్తున కార్యరూపం దాల్చడానికి 1983లో మారుతి 800 వచ్చేవరకు ఆగవలసి వచ్చింది.

సాంకేతిక విద్య

1944లో నాయుడు మోటారు రవాణా వ్యాపారంనుండి తప్పుకొని, తన సంపదను దాతృత్వానికి, ముఖ్యంగా సాంకేతిక విద్యకు, వినియోగించసాగాడు. ఆయన విరాళంతో, కృషితో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, దానితోపాటు 1945లో ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కళాశాల ప్రారంభమయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు వీటికి పెట్టారు. ఈ కళాశాలే తరువాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారింది.

కళాశాలకు నాయుడే తొలి ప్రిన్సిపాలుగా ఉన్నాడు. ఇంజనీరింగు నేర్చుకోవడానికి నాలుగేళ్ళు అవసరం లేదని, విద్యార్థి చేతికి పనిముట్లు ఇచ్చి యంత్రాల మధ్య నిలబెడితే రెండేళ్ళు చాలునని ఆయన అభిప్రాయపడ్డాడు. ప్రభుత్వం ఇందుకు అంగీకరించలేదు. నాయుడు పదవికి రాజీనామా చేశాడు.

ఈ వివాదంలో ఇరుపక్షాలకూ బలమైన వాదం ఉంది. వంతెన కట్టేవాడికి, విద్యుత్ కేంద్రం నడిపేవాడికి గణితం, భౌతికశాస్త్రం లోతుగా తెలియాలి. అందుకు కాలం పడుతుంది. మరోవైపు, సిద్ధాంతం చదివి పట్టా పొందినా మోటారు విప్పడం చేతకాని పట్టభద్రులు తయారవుతారన్న నాయుడు ఆందోళన నేటికీ సాంకేతిక విద్యపై జరిగే చర్చలలో వినబడుతూనే ఉంది.

వ్యవసాయం, ఇతర కృషి

వ్యవసాయంలోనూ నాయుడు ప్రయోగాలు చేశాడు. తన తోటలలో సుమారు పది అడుగుల ఎత్తు పెరిగే ప్రత్తి మొక్కలను, మేలు రకం బొప్పాయిని పండించాడు. భౌతిక శాస్త్రవేత్త సి.వి.రామన్ ఆయన కృషిని మెచ్చుకున్నాడు. గృహనిర్మాణంలోనూ ఆయనకు ఆసక్తి ఉండేది. ఉదయం పునాది మొదలుపెట్టి సాయంత్రానికి ఇల్లు పూర్తిచేసి, తక్కువ వ్యవధిలో ఇల్లు కట్టవచ్చునని చూపించాడు.

మరణం, స్మారకాలు

1967లో నాయుడు కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాలను స్థాపించాడు. దేశవిదేశాలనుండి తాను సేకరించిన యంత్రాలను, సాధనాలను విద్యార్థులు దగ్గరగా చూసి తెలుసుకోవాలన్నది దాని లక్ష్యం. 1974 జనవరి 4న ఆయన మరణించాడు. ఆయన కుమారుడు జి.డి.గోపాల్ తండ్రి సంస్థలను కొనసాగించాడు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని సంగ్రహాలయంలో నాయుడు వస్తువులు, యంత్రాలు ప్రదర్శనకు ఉన్నాయి. 2015లో అక్కడే పాత కార్ల సంగ్రహాలయం కూడా ప్రారంభమైంది. ఆయన జీవితంపై తీసిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రంగా బహుమతి లభించింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల వంతెన రహదారికి తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది.

గృహ యంత్రాలు – నాయుడు పద్ధతి

నాయుడు కాలంలో మోటారు అంటే పొలానికో, మిల్లుకో సంబంధించిన వస్తువు. నేడు ప్రతి ఇంటిలోనూ పలు మోటార్లు ఉన్నాయి. ఫ్యాను, కూలరు, ఏసీ, ఫ్రిజ్ మొదలైన చల్లదనాన్నిచ్చే సాధనాలన్నిటిలోనూ తిరిగేది విద్యుత్ మోటారే. విడదీసి చూడటం, కారణం వెతకడం, ఒక్కొక్క భాగాన్ని విడిగా పరీక్షించడం అనే ఆయన పద్ధతి ఈ సాధనాల సంరక్షణకు నేరుగా వర్తిస్తుంది.

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే హైదరాబాదులో, అపార్టుమెంట్లు కిక్కిరిసిన కూకట్‌పల్లి వంటి ప్రాంతాలలో ఈ సాధనాలు విశ్రాంతి లేకుండా పనిచేస్తాయి. ఈ పరిసరాలకు యంత్ర సంప్రదాయం కూడా ఉంది. 1942లో స్థాపించిన ఆల్విన్ సంస్థ సమీపంలోని సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు తయారుచేసింది. బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన కేంద్రీయ పనిముట్ల రూపకల్పన సంస్థ యువతకు యంత్రాలపై శిక్షణ ఇస్తున్నది. కూకట్‌పల్లిలోనే జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది.

గృహస్థు స్వయంగా గుర్తించగలిగిన లోపాలు కొన్ని:

* సీలింగు ఫ్యాను: ఇంటి కరెంటు సింగిల్ ఫేజు. సాధారణ ఫ్యాను మోటారు తిరగడం మొదలుపెట్టాలంటే రెండవ చుట్టకు వేరొక దశలో కరెంటు అందించాలి. ఆ పని కెపాసిటరు (వాడుకలో కండెన్సరు) చేస్తుంది. ఫ్యాను మునుపటికంటే నెమ్మదించినా, మూలుగుతూ తిరగకపోయినా, చేతితో నెడితే మాత్రమే తిరిగినా ముందుగా అనుమానించవలసినది కండెన్సరునే. గరగర శబ్దం వస్తే బేరింగులు అరిగాయని అర్థం. కాలిన వాసన వస్తే వైండింగు దెబ్బతిన్నదని గ్రహించాలి.
* కూలరు: తడి పట్టీల గుండా వెళ్ళే గాలి నీటిని ఆవిరి చేసి చల్లబడుతుంది. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలలలో ఇది బాగా పనిచేస్తుంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కనుక చల్లదనం తగ్గుతుంది. అది యంత్రలోపం కాదు. తేమ గాలి బయటకు పోవడానికి కిటికీ తెరచి ఉంచాలి. బోరునీటిలోని లవణాలు పట్టీలపైన, పంపులోను తెల్లగా పేరుకొని నీటిని అడ్డుకుంటాయి. తొట్టిని తరచు ఖాళీచేసి కడగడం దీనికి నివారణ.
* ఏసీ: చల్లదనం తగ్గితే గ్యాసు అయిపోయిందని వెంటనే నిర్ణయించరాదు. దుమ్ము పట్టిన ఫిల్టరు గాలిని ఆపివేయడం చాలా తరచుగా కనిపించే కారణం. ఫిల్టరును తీసి నీటితో కడిగి, నీడలో ఆరబెట్టి మరల అమర్చవచ్చు. గదిలోకి నీరు కారితే నీటి గొట్టం మూసుకుపోయి ఉంటుంది. బయటి యూనిట్ చుట్టూ సామాను పేరిస్తే వేడి బయటకు పోలేక చల్లదనం తగ్గుతుంది, కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఫిల్టరు శుభ్రంగా ఉన్నా లోపలి గొట్టాలపై మంచు కడితే గ్యాసు లోపం ఉండవచ్చు.

ఏ పనికైనా ముందు మెయిన్ స్విచ్ కట్టివేయడం మొదటి నియమం. స్విచ్ కట్టిన తరువాత కూడా కండెన్సరులో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. ఏసీ బయటి యూనిట్‌లోని పెద్ద కండెన్సరు ప్రమాదకరమైనది. దానిని, కంప్రెసరును, గ్యాసు నింపే పనిని శిక్షణ పొందిన మెకానికుకే వదలివేయాలి. ఎంతవరకు తాను చేయగలడో, ఎక్కడ ఆగాలో కూడా యంత్రాన్ని తెలిసినవాడే సరిగా నిర్ణయించుకోగలడు. మెకానికును పిలిచినప్పుడు సైతం లక్షణాన్ని కచ్చితంగా చెప్పగలిగిన గృహస్థుకు అనవసరమైన ఖర్చు తప్పుతుంది.

ఖరీదైన యంత్రాలు సీలు వేసిన పెట్టెలుగా వస్తున్న నేటి కాలంలో, వినియోగదారునికి మరమ్మతు హక్కు ఉండాలన్న వాదన అనేక దేశాలలో బలపడింది. భారత ప్రభుత్వం కూడా 2022లో ఈ అంశంపై ఒక సంఘాన్ని నియమించి, మరమ్మతు సమాచారం అందించే వెబ్‌సైటును ప్రారంభించింది. కొన్న మోటారు సైకిలును విప్పి చూడకుండా ఉండలేకపోయిన జి.డి.నాయుడు జీవితం ఈ చర్చకు ఒక శతాబ్దం ముందే నిలిచిన ఉదాహరణ.